రేడియోలో మాటల్లేవు

(మైదుకూరు బయట చిన్న రన్‌వే. కంట్రోల్ టవర్ లేదు. షెడ్డులో ముగ్గురు: ఫ్లయింగ్ స్కూలు పెద్ద రంగస్వామి సారు, ఆయన దగ్గర పనిచేసే పైలట్లు క్రాంతి కుమార్, స్తుతి. స్తుతి క్రాంతికి మేనమామ కూతురు.)

"ఇంగోసారి చెప్పప్పా క్రాంతీ. విమానం దించుతాండావు. రేడియోలో ‘దిగతాండా’ అని ఒక్క మాట ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఆయమ్మకు ఇనపడ్తాది గద సార్."

"ఇనపడాలనే గదప్పా చెప్పేది. మనకు టవరుందా? ‘నువ్వు ఆగు, నువ్వు దిగు’ అనేటోడు పైన కూర్చోనుండాడా? ఒకరికొకరు చెప్పుకోవడమే మనకు దిక్కు."

"మా ఇండ్లకు మాటల్లేవని మీకు తెల్సు గద సార్. ఆయమ్మ గాల్లో ఉన్నప్పుడు నేను నోరు తెరిస్తే, ముందు నేనే మాట్లాడినట్లయితాది."

"మరి నువ్వేమ్మా స్తుతీ?"

"నేను మాత్రం ముందెందుకు మాట్లాడల్ల సార్? మా నాయనకు తెలిస్తే గడప తొక్కనీడు."

"మీ నాయన ఎరువులంగట్లో కూర్చోని మన రేడియో ఇంటాంటాడా?"

"ఆయప్పకు చెప్పండి సార్. దిగేటప్పుడు కిందుండే విమానానిదే దారి. కిందుండింది నేను."

"ఆయమ్మకు చెప్పండి సార్. ముందొచ్చింది నేను."

"మూరెడు దూరంలో కుర్చీలేసుకోని, నడుమ నన్ను పోస్టుమ్యానును చేసినారు. ఇంగ పైన గూడ నన్నే కూర్చోబెట్టండి, మేఘాల మీద, గొడుగేసి. ఇంతకూ ఈ మాటల్లేకపోవడం ఏంటికొచ్చింది?"

"చర్చి శిలాఫలకం సార్. స్థలమిచ్చింది మా నాయన. పేరు పైన మా నాయనదే రావల్ల."

"ఆయప్పకు చెప్పండి సార్, గోడలు లేపింది మా నాయనని. ఉత్త స్థలంలో ఎండకు మాడతా ఎవరు ప్రార్థన చేస్తారో అడగండి."

"ఇప్పుడెవరి పేరుండాదమ్మా పైన?"

"ఎవరిదీ లే సార్. రాయి నున్నగా ఉండాది."

"ఈ పొద్దు గుద్దుకోనింటే మీ ఇద్దరి పేర్లూ ఎక్కేటివి, వేరే రాయి మీద. దాని మీద గూడ ఎవరిది పైన అని మీ నాయనలు కొట్లాడేటోళ్లు."

"అట్లనొద్దు సార్."

"అనక? చెరోపక్క నుంచి ఒకే రన్‌వే మీదికి వస్తిరి. ఇంగ కొంచెమైతే రెక్కకు రెక్క తగిలేది. షెడ్డు ముందర నిలబడి చూస్తాన్నా. పైకి రిపోర్టు పంపక తప్పదు. మీ లైసెన్సులు పోతే పోనీ."

"సార్, నాకు వచ్చేది ఇదొక్క పనే."

"అయితే క్రాంతీ, ఆయమ్మ పక్క తిరిగి ‘ఇంగ రేడియోలో చెప్తా’ అను. అనినావని రిపోర్టులో రాస్తా."

"మీరే చెప్పండి సార్ ఆయమ్మకు."

"దేవుడా. స్తుతీ, నువ్వన్నా అనమ్మా."

"ఆయప్పను ఒకటి అడగండి సార్. నా పక్కసీట్లో ఎవరుండిందో చూసినాడా?"

"ఎవరమ్మా? నాకు చెప్పకుండా ఎవరినెక్కించుకున్యావు?"

"మా మేనత్తను. వరమ్మను. రాయి గొడవైనాక మామ ఆమెను పుట్టినింటికి పంపడం లే. ‘పైనుంచన్నా మా ఇల్లు చూపించు పాపా’ అని శానాసార్లు అడిగింది. చూపిచ్చినా. మా నాయన మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తాండాడు. తమ్ముణ్ణి చూసి ఒకటే ఏడుపు."

"వరమ్మంటే... క్రాంతీ, మీయమ్మ గదప్పా. ఏమప్పా, యాడికి లేచినావు?"

"స్తుతీ. మాయమ్మ యాడుండాది?"

"షెడ్డు వెనకాల. కొళాయి కాడ మొగం కడుక్కుంటాండాది."

"నా విమానం మీదికొస్తాంటే... భయపడిందా?"

"లే. ‘మావోడు చూస్తాడులే పాపా, వాడే పక్కకు పోతాడు’ అనింది. నువ్వు పోలే. నేనే తిప్పినా."