హెర్మీన తలుపు

ఆ ఆదివారం మధ్యాహ్నం, స్టుట్‌గార్ట్‌కి దగ్గరి పల్లెలో, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురే: తొమ్మిదో తరగతి చదివే రీకె, వాళ్ళ నాన్న గెరోల్ట్, ఆయనతోపాటు పాత కార్ల సంఘంలో తిరిగే అల్విన్, ఖరీదైన కార్లు చేసే కంపెనీ నుంచి రీకె కోసం వచ్చిన స్టేలె గారనే ఆవిడ. అమ్మ ఊరెళ్ళింది. ఆవిడే ఉంటే మాటలు అంతదాకా రానిచ్చేది కాదు.

"మీరే చెప్పండి స్టేలె గారూ. మీ కొత్త కార్లో చలేస్తుంది, వేడి పెంచాలి. ఏం చెయ్యాలి? రోడ్డు వదిలేసి ఆ తెర మీద వేలితో వెతుక్కోవాలి! నా హెర్మీనలో చెయ్యి చాపితే మీట దొరుకుతుంది. నలభై ఏళ్ళ కారండీ అది!"

"ఆ నల్ల ప్లాస్టిక్ సంగతి చెప్పు గెరోల్ట్."

"ఆ, అదొకటి! అద్దంలా మెరుస్తుంది. చెయ్యి తగిలితే వేలిముద్రలే వేలిముద్రలు. పోలీస్ స్టేషన్‌లో కూడా అన్ని ఉండవు. ఇంక ఆ ముందు జాలీ! ఆవులింత మధ్యలో ఆగిపోయినట్టు..."

"నాన్నా, కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీవే. వెనకాల పొగ గొట్టాలు కూడా ఉత్తుత్తివే, అల్విన్! వేలు పెట్టి చూశాను, మూసేసి ఉన్నాయి."

"నల్ల ప్లాస్టిక్ నాకూ నచ్చదండి. గెరోల్ట్ గారు అన్నదాంట్లో సగం నిజమే. కానీ నాది ఆ విభాగం కాదు. నాది చప్పుళ్ళ గది."

"చప్పుళ్ళకో గదా!"

"తలుపు మూస్తే ఎలా వినబడాలి, మీట నొక్కితే ఎలా టక్కుమనాలి, అవన్నీ మేం చూస్తాం. బడి తరఫున పిల్లలు రెండు వారాలు ఎక్కడో ఒకచోట పని నేర్చుకోవాలిగా. మా గదిలో నేర్చుకుంటానని రీకె ఫోన్ చేసింది. ఇంట్లో ఒక మాట అందామని వచ్చాను."

"మా రీకె ఫోన్ చేసిందా? బేకరీలో రొట్టె అడగడానికే నోరు పెగలదు దీనికి!"

"నాన్నా..."

"ఫోన్‌లో తడబడింది. అయినా అడిగింది."

"విన్నావా గెరోల్ట్? తలుపు మంచిదైతే చప్పుడు దానంతటదే వస్తుంది. దానికి మళ్ళీ గదీ, జీతాలూ!"

"అదీ మాట అల్విన్! స్టేలె గారూ, మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. రెండు కార్లు పక్కపక్కన పెట్టి మేం వీపు తిప్పి నిలబడతాం. ఎవరో ఒకరు తలుపులు మూస్తారు. ఏది ఏ కారో చెప్పాలి. నేను ఇంతవరకు తప్పింది లేదు. మీ కొత్త బండి వాకిట్లోనే ఉంది, నా హెర్మీనా ఉంది. పదండి."

"వద్దులెండి."

"జంకుతున్నారా?"

"జంకు కాదు. వద్దు, అంతే. కేకు చాలా బాగుంది, కూర్చుని తిందాం."

"ఆవిడ జంకుతున్నారు గెరోల్ట్!"

"రీకె, నువ్వు మూద్దువుగాని. లే."

"ఆదివారం చప్పుళ్ళు చెయ్యకూడదు నాన్నా. పక్కింటి బామ్మ కేకలేస్తుంది."

"రెండు తలుపులకేనా? పద, పద!"

అందరూ వాకిట్లోకి వచ్చారు.

"తిరిగాం. అల్విన్, కళ్ళు కూడా మూసుకో."

"మూసుకున్నాలే. కానీ రీకె."

"మొదటిది మూస్తున్నాను."

"ఆహా! విన్నావా అల్విన్! బ్యాంకు ఇనప్పెట్టె మూసినట్టు! ఇదీ తలుపంటే! ఇదే నా హెర్మీన!"

"ఇంకోటి ఉంది నాన్నా, ఆగు. ఇదిగో, రెండోది. నాన్నా? విన్నావా?"

"విన్నాను. ఆఁ, విన్నాను."

"ఏమంటావు గెరోల్ట్? రెండోది గలగలమంది."

"అనేదేముంది... డబ్బా. బిస్కెట్ డబ్బా. ఏమనుకోకండి స్టేలె గారూ, రెండోది మీదే."

"సందేహమే లేదు. చెప్పమ్మా రీకె, మొదటిది ఎవరిది?"

"చెప్పవే. అల్విన్ మావయ్య అడుగుతున్నాడుగా. మొదటిది ఏ కారు?"

"మాదే నాన్నా. మొదటిది మాదే."

"రీకె, చూసే చెబుతున్నావా?"

"చూసే చెబుతున్నానండి స్టేలె గారూ."

"అలాగా."

"కంపెనీ మనిషి ముందే గెలిచావు! రేపు సంఘంలో అందరికీ చెబుతా గెరోల్ట్. పద, ఆపిల్ కల్లు తియ్యి."

"నువ్వు పద అల్విన్. వస్తున్నా."

గెరోల్ట్ కూడా లోపలికి వెళ్ళాక వాకిట్లో రీకె, స్టేలె గారు ఇద్దరే మిగిలారు.

"స్టేలె గారూ, వెళ్ళిపోతున్నారా? మరి... నేను రావచ్చా?"

"మొదట ఏ తలుపు మూశావు?"

"మీది."

"మరి?"

"తుప్పు గీకి, సీట్లకి తోలు కుట్టి, చలికాలాలన్నీ ఆ కారు కిందే పడుకున్నాడండి మా నాన్న. మావయ్య ముందు ఎలా చెప్పను?"

"తెలుసు. అందుకే వద్దన్నాను."

"అయితే కోపం లేదా?"

"లేదమ్మా. కానీ మా గదిలో పనల్లా ఒక్కటే. బాగాలేనిది బాగాలేదనాలి, చేసినవాళ్ళు పక్కనే నిలబడి ఉన్నా సరే. అది నేను చేసిందైనా సరే."

"అంటానండి. నిజంగా అంటాను."

"ఇది కూడా నాకు నచ్చుతుందనే అంటున్నావు. ఇంకోచోట చూసుకో రీకె. ఆ కారు తలుపు మీంచి చెయ్యి తియ్యి, నలుగుతుంది."

కారు వీధి మలుపు తిరిగాక గెరోల్ట్ గుమ్మంలోకి వచ్చాడు.

"రమ్మందా?"

"బేకరీలో అడుగుతాను నాన్నా. అదీ బాగానే ఉంటుంది."

"రమ్మనలేదన్నమాట."

"నువ్వు లోపలికి పద. మావయ్య..."

"కింద నేలమాళిగలో కల్లు పీపా దగ్గర ఉన్నాడు, వినబడదు. రీకె, హెర్మీన తలుపు మూశాక లోపల అద్దం గలగలమంటుంది. నేను బిగించిన అద్దమే."

"అది గాలికి నాన్నా..."

"చాలమ్మా. రెండోది మూయగానే తెలిసిపోయింది నాకు. అప్పటికే ఎగిరెగిరి అరిచేశాను, వాడు పక్కనే ఉన్నాడు. నా చేత్తో చేసుకున్నదాన్ని నేనే డబ్బా అన్నాను."

"నాన్నా, నీకు తెలిసిపోయిందని నాకు తెలీదు..."

"తెలిసే నిన్ను అడిగాను, మొదటిది ఏదని. నువ్వు నన్ను పట్టివ్వవని కూడా తెలుసు. కాస్త వెనక్కి జరుగు తల్లీ, కాసేపు హెర్మీనలో కూర్చుని తలుపు వేసుకుంటాను."