ఒక్క నల్లగోళీ

1911 నవంబరు నాలుగు, సాయంత్రం నాలుగున్నర. ఒహాయోలో మంచు కలిసిన వాన. కాలేజీ హాస్టలు గదిలో ఒకతె కొత్త సంఘం పిన్నును గౌనుకు పెట్టుకుంటోంది. అదే గదిలో ఉండే స్నేహితురాలు చూస్తూ అడిగింది.

“ఆడపిల్లలకో సంఘం ఉండాలన్నది నేనే కదే?”

“నువ్వే.”

“ఎవరిని చేర్చుకోవాలన్నా ఓటు పెట్టెలో అన్నీ తెల్లగోళీలే పడాలన్నదీ నేనే.”

“అవును. ఒక్క నల్లది పడినా అంతే సంగతులు.”

“నిన్న నాకే పడింది! మీ సంఘంలో ఆ ఎడిత్ మహాతల్లి పనేనా?”

“పాపం, దాన్ననకు.”

“మరెవరు?”

“ఎక్కడికెళ్లినా అందరూ నిన్నే చూస్తారు. ఒక్కచోటైనా నేను ముందుండాలనుకున్నానే.”

“…పిన్ను వంకరగా ఉంది. ఇలా తిరుగు.”

మరుసటి వసంతంలో, నల్లగోళీ పడిన ఆమె అదే కాలేజీలో రెండో సంఘాన్ని స్థాపించింది. 1936లో నల్లగోళీ వేసినామె కూతురు ఆ రెండో సంఘంలోనే చేరింది; ఆ పిల్లకు పిన్ను పెట్టినది స్థాపకురాలే.