రెండో గొంతు

మెక్సికోలోని వెరాక్రూజ్‌లో గాయకుడు ఆన్సెల్మో శవపేటిక ముందు, అన్ని కుర్చీలు వేసినా ఇద్దరే అభిమానులు కూర్చున్నారు: ఒక ముసలాయన, ఒకావిడ.

"చోటు దొరకదేమోనని పెందలాడే వచ్చేశానండీ," అందావిడ.

"పోయిన నెల ఎవేలియో పోతే వీధి పట్టలేదమ్మా జనం. ఆయన అసలు పాటగాడు. ఆయన పక్కన గొంతు కలిపిన ఈయన్ని ఎవరు తలుచుకుంటారు?"

"రేడియోలో వీళ్ల పాట వస్తుంటే, ఎవేలియో పాడేదంతా ఇంట్లో నేనూ పాడేదాన్నండీ. ఈయన నాకు గొంతు కలుపుతున్నట్టే ఉండేది. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుండేది."

"అయితే ఒక్క పాట పాడి సాగనంపమ్మా."

"మీరు గొంతు కలుపుతారా?"

"ఈ దగ్గుతోనా? నువ్వు పాడు, వింటాను."

ఆవిడ లేచి సన్నగా ఎత్తుకుంది. ఆన్సెల్మో కలిసే చోటికి వచ్చి, అలవాటు కొద్దీ కాస్త ఆగింది. ఎవరూ అందుకోలేదు.

మిగతా పాట ఒక్కతే పాడింది.