గంగన్న బీరపందిరి

వేలు దించు పాపా. ముందు ఆ వేలు దించు, తర్వాత మాట్లాడు. పిందెను చూపించాలంటే ఇట్ల, వేలు మడిచి కణుపుతో చూపించాల. నేరుగా వేలెత్తినామంటే పచ్చబడి రాలిపోతాది. నవ్వు, నవ్వు. మీ ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులో ఇట్లాంటివి చెప్పరు లే. మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకుని తోట అంటా ఉండావు, సంతోషమే, నా ఇంట్లో పీజీకి వచ్చినోళ్ళలో మట్టి ముట్టుకున్న పిల్లవు నువ్వొక్కదానివే. ఆ టమాటాకు కట్టె నాటినావా? నాటు. మే వాన గాలితో వస్తాది, ఒక్క దెబ్బకు పండబెట్టేస్తాది. బిగించి కట్టొద్దు, కాండం లావవుతాది కదా, పాత గుడ్డపేలికతో వదులుగా కట్టు. ఆఁ, ఏం అడిగితివి? ఆ కింద బండ్లు నిలబెట్టుకునే జాగా ఎవరిదనా? చుట్టూ ఇన్ని మేడలు లేచి అదొక్కటి ఎందుకు సుమ్నే ఖాళీగా పడుండాదనా? అది గంగన్నది, ఆయప్ప పోయినాక ఆడ ఎవరూ గడ్డపార దించలేదు. ఆయప్ప పోయినప్పుడు మీ అమ్మకే పెండ్లి అయ్యుండదు, నీకెట్ల తెలుస్తాది.

గంగన్నది మడకశిర పక్క. బిల్డింగు పనికి ఒట్టి చేతుల్తో వచ్చినోడు, తాపీ నేర్చుకుని మేస్త్రీ అయినాడు. అప్పుడు ఈ మడివాళలో ఈ సందడి యాడిది, మా ఇల్లు, గంగన్న ఇల్లు, ఆ పక్క ఫాతిమా వాళ్ళ రేకుల ఇల్లు, అంతే. గంగన్నకు ఒకే రూము, వెనక తోట. తోటంతా పెండ్లాం మల్లమ్మది. వాడు పొద్దున పోతే దీపాల వేళకు వచ్చేది, మట్టి మీద వాడికి ఆశ లేదు. మల్లమ్మ అట్ల కాదు. ఎండాకాలమని మనం నీడ వెతుక్కుంటే ఆమె పాదులు చేస్తా ఉండె. వంకాయ మొక్కకు బూడిద చల్లేది, వేళ్ళు మాడకుండా ఎండు కొబ్బరాకు కప్పేది, వానకు ముందే పసుపు కొమ్ములు పూడ్చేది. అన్నిటికన్నా బీరపందిరి. బీరపువ్వు పొద్దు వాలినాక విచ్చుకుంటాది, గుమ్మడి మాదిరి పొద్దున కాదు. ఆ వేళకు ఆమె కొంగు దోపుకుని పందిరి కిందికి పోయేది. మగపువ్వు తుంచి, రెక్కలు వెనక్కి విరిచి, పిందె ఉన్న ఆడపువ్వుకు తాకించేది. తాకించినాక ఆ మగపువ్వును దాని మీదే బోర్లించి పెట్టేది, టోపీ పెట్టినట్ల. దీనికి అయిపాయె అని గుర్తు. ఇంకెవరూ అట్ల పెట్టరు, నేను యాడా చూడలేదు. ఆ కొత్తిమీర ఒత్తుగా లేచింది చూడు, మధ్య మధ్య పెరికి పలచన చెయ్యి, పెరికింది పారెయ్యొద్దు, చారులో వేసుకో.

శివరాత్రి దాటినాక ఆమే గింజలు పెట్టింది. ఉగాది దాటి తీగ పందిరి కాలు పట్టుకునే వేళకు మనిషి లేదు. పచ్చకామెర్లు. ఆస్పత్రికి పోతే ఆలస్యమైందన్నారు. బిడ్డల్లేరు. గంగన్న ఏడ్చినాడు, ఏడవలేదని నేను చెప్పను. కానీ ఒంటి మగోడు ఎన్నాళ్ళు ఏడుస్తాడప్పా? పొయ్యి వెలిగించడం రాదు. మా ఇంటి నుంచి ఒక పూట, ఫాతిమా ఇంటి నుంచి ఒక పూట పోతా ఉండె. అప్పుడు వాళ్ళక్క మొగుడు పాపయ్య అత్తిబెలె నుంచి వచ్చినాడు. ఆడ ఫ్యాక్టరీలో పని ఆయనకు, గట్టి మనిషి, ఏ పనైనా పట్టుకుంటే వదలడు. ఆడనే ఒక పిల్లను చూసినాడు. పిల్ల మంచిదే. పిల్ల తల్లి మాత్రం ఒక మాట చెప్పింది, మొదటామె ప్రాణం పోయిన రూములో నా బిడ్డ కాపురం చెయ్యదు, వేరే రూము కట్టండి, ఆషాఢం లోపల కట్టకపోతే వేరే చోట చూసుకుంటాము అని. న్యాయమే కదా. కట్టేదానికి గంగన్నకు ఎవర్నీ పిలిచే పని లేదు, వాడే మేస్త్రీ. జాగా ఒక్కటే. బీరపందిరి పీకాల.

పీకొచ్చు కదా అంటావు. నువ్వు అంటావు. గంగన్న వాళ్ళ ఇండ్లల్లో పిందె ఉండే పందిరికి గడ్డపార తగిలించరు. కడుపుతో ఉండేదాన్ని తోసినట్లంట. కాయ ముదిరి కోసినాక, ఒట్టి తీగ మీదనే చెయ్యి వేయాల. గంగన్న లెక్క ఏమంటే, నీళ్ళు ఆపేస్తే సరి. పూలు తాకించే మనిషి లేదు. ఆ ఏడు చెరువు పక్కంతా దోమలకు పొగ కొట్టి తేనెటీగ కంటికి కనపడలేదు, మా ఇంట్లో సొరపిందెలన్నీ గోరంత ఉండంగానే పచ్చబడి రాలిపాయె. ఈ బీరపిందెలూ అట్లనే రాలిపోతాయి, తీగ ఒట్టిదవుతాది, పాపం ఎవరి మీదా పడదు అనుకున్నాడు.

రాలలేదు పాపా. పొద్దున లేచి చూస్తే పాదు తడిగా ఉండాది. పందిరి కింద నిలబడి తలెత్తితే ఆడపూలన్నిటి మీదా టోపీలు. గంగన్న ఏమనుకున్నాడు, ఇది ఫాతిమా పని అనుకున్నాడు. మల్లమ్మకు ఆమెకు ప్రాణస్నేహం, రెండో పెండ్లి ఇష్టం లేక ఇట్ల చేస్తా ఉండాది అని నేరుగా పోయి అడిగేసినాడు. ఫాతిమా కాలికి కట్టు కట్టుకుని మంచం మీదుండె, బావి కాడ జారిపడి. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసి, "నేను గడప దాటి ఎన్నాళ్ళాయె గంగన్నా. నువ్వే చేస్తా ఉండావనుకుని, పోనీలే, పెండ్లాం మీద ఇంత మమకారం ఉండాదా అనుకుంటి" అన్నింది. వాడు మా ఇంటికి వచ్చి మా అరుగు మీద కూచున్నాడు. నన్నూ అడిగినాడు, ఎందుకు లే దాచేది. లేదప్పా అన్నాను. మొగం చూస్తే నమ్మినాడు. నమ్మినాకే భయపడినాడు.

మర్నాడు పనికి పోలేదు. పొద్దు వాలే ముందే స్టూలు వేసుకుని పందిరి ఎదురుగా కూచున్నాడు. మా ఆయన గోడ మీది నుంచి, ఏం గంగన్నా సినిమా మొదలయిందా అని ఎగతాళి చేసినాడు. వాడు బీడీ వెలిగించుకున్నాడు. మొగ్గలు ఒకటొకటే సడలతా ఉండె. ఆ వాసన తెలుసునా నీకు, బీరపూల వాసన? పూజకు పెట్టే పూల మాదిరి కాదు, పచ్చిగా, ఎవరో స్నానం చేసి పక్కన వచ్చి నిలబడినట్ల ఉంటాది. నేను లేయలేదక్కా, కన్ను కూడా పక్కకు తిప్పలేదు అని తర్వాత నాకు ఒట్టేసి చెప్పినాడు. బీడీ ఇంకా తాగతానే ఉండాననుకున్నాడంట. చూసుకుంటే అది ఎప్పుడో ఆరిపోయి స్టూలు కింద పడుండాది. పందిరి నిండా టోపీలు. వాడి ఎడమచేతి వేళ్ళకు పూలపొడి, గోళ్ళ సందుల్లోకి దూరి, పచ్చంగా. నిద్దట్లో నడిచేవాళ్ళు లేరా, ఇదీ అట్లాంటిదే అని నేనే చెప్పినాను వాడికి ధైర్యానికి. వాడు చెయ్యి నా ముందర పెట్టి ఒకటే మాట అడిగినాడు. "నేను తాపీ పట్టేది ఏ చేత్తో అక్కా?" కుడిచేత్తో. మల్లమ్మ ఎడమచేతిది. అది నీకు చెప్పలేదు కదూ. కొడవలి అయినా, గరిటె అయినా ఆమెకు ఎడమచెయ్యే.

పాపయ్యకు ఈ కథంతా పట్టలేదు. పిల్ల వాళ్ళు రేపో మాపో జాగా చూసేదానికి వస్తారు, నువ్వు పూలతో ఆడుకుంటా ఉండావా అని తిట్టినాడు. మళ్ళా ఆయనే ఉపాయం చెప్పినాడు. "పీకొద్దు, కొయ్యొద్దు. వేలు చూపించు. వేలు చూపిస్తే పాపమా? అవే రాలిపోతాయి." ఎవరికి వస్తాదప్పా ఆ బుద్ధి. పిల్లలు తెలియక చూపిస్తేనే మనం చెయ్యి మీద కొడతాము, ఈయన తెలిసి చూపించమన్నాడు. గంగన్నకు అప్పటికి ఒంట్లో సత్తువ లేదు, అన్నం సయించదు, సరే అన్నాడు. ఆ సాయంత్రం గోడ ఇవతల నుంచి నేను చూసినాను. పందిరి కింద మెల్లగా తిరగతా, కుడిచెయ్యి ఎత్తి ఒక్కొక్క పిందెనూ చూపిస్తా, ఏమో గొణుగుతా ఉండె. నువ్వు పో తల్లీ, నువ్వూ పో అంటా ఉండె. బిడ్డలను బడికి పంపినట్ల అంటా ఉండె. కడాన ఒకదాని కాడ నిలబడిపోయినాడు. అది కిందికి వేలాడలేదు, తీగ మెలికలో ఇరుక్కుని అడ్డంగా పెరిగి, వీడి మొగానికి నేరుగా ఉండాది. సన్నంగా, పొడుగ్గా, వేలంత. వీడు దాన్ని చూపిస్తా ఉండాడు, అది వీణ్ణి చూపిస్తా ఉండాది. ఎంతసేపు నిలబడినాడో. చెయ్యి దించినది వాడే.

పొద్దున ఒక్క పిందె రాలలేదు. చేతికున్న పచ్చ పోలేదు. సీకాయ రుద్దినాడు, చింతపండు రుద్దినాడు, ఇటికపొడి కూడా రుద్దినాడు. రుద్దే కొద్దీ అరచేతికి ఎక్కింది, ముంజేతికి ఎక్కింది. పూలపొడి ఒంట్లోకి ఎక్కుతాదా? అప్పుడే అత్తిబెలె వాళ్ళు వచ్చిరి. పిల్ల తల్లి తోట చూడలేదు, జాగా చూడలేదు. వాడి మొగమే చూస్తా ఉండె. దగ్గరికి రమ్మని బొటనవేలితో కంటి కింద రెప్ప కిందికి లాగి, "నీళ్ళు కూడా వద్దప్పా, మేము పోతాము" అన్నింది. పెండ్లి మాట అంతే, మళ్ళా ఎవరూ ఎత్తలేదు. డాక్టరు, బావినీళ్ళు తాగినారు కదా, పెండ్లానికి వచ్చిందే మొగుడికీ వచ్చింది అన్నాడు. అయ్యుంటాది. మేమూ ఆ బావినీళ్ళే తాగినాము, ఫాతిమా వాళ్ళూ తాగినారు. ఆకుమందు పోసినారు, ఆస్పత్రిలో పెట్టినారు, మళ్ళా ఇంటికే తెచ్చినారు. మంచం కిటికీ కాడ వేయమన్నాడు, పందిరి కనపడేటట్ల.

పాపయ్యకు అప్పుడు భయం పట్టింది. చెడ్డోడు కాడు, బామ్మర్ది అంటే ప్రాణం. ఆ తీగే వాణ్ణి పట్టుకుని ఉండాది, దాన్ని పెరికేస్తే మనిషి లేస్తాడు, పాపం వస్తే నాకు రానీ అన్నాడు. ఒక పొద్దున గడ్డపార తెచ్చినాడు. నేను గంజి తీసుకుని పోయుంటిని, కిటికీ కాడే ఉంటిని. పాపయ్య పందిరి కాలి మొదట్లో గడ్డపార పెట్టి, రెండు చేతులా ఎత్తినాడు. అప్పుడు గంగన్న లేచి కూచున్నాడు. అంతకుముందు పక్కకు తిరగాలన్నా మనిషి పట్టాల. ఎవరూ పట్టకుండా కూచుని, కిటికీ కమ్మి పట్టుకుని, "అన్నా, పీకొద్దన్నా. పిందెలుండాయి" అన్నాడు. గొంతు వాడిదే. వాడి గొంతే, నేను బాగా విన్నాను. కానీ పాపయ్య గడ్డపార ఎత్తింది ఎత్తినట్లనే నిలబడిపోయినాడు. గంగన్నకు అక్క మొగుడు కదా పాపయ్య. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బావా అనే పిలిచినాడు, బావను పట్టుకుని అన్నా అని ఎవరు పిలుస్తారు? ఆయన్ను అన్నా అని పిలిచే వరస ఆ ఇంట్లో ఒక్క మనిషికే ఉండె.

పాపయ్య మెల్లగా గడ్డపార కింద పెట్టినాడు. కిటికీ వైపు చూడకుండానే, "సరేమ్మా" అన్నాడు.

ఆ పైపు ఆపు పాపా. కుండీ నిండి పారతా ఉండాది.