అంబలి కుండ కథ

పెదబయలు పైన ఒక కొండ ఊరు, 1998. సోములమ్మ ఇంటి అరుగు. పరిశోధకుడు రవిబాబుకీ, సాలూరు అమ్మాయి కనకకీ పెళ్లయి పదకొండు రోజులు.

“నవ్వకు కనకా. ముందు ఏమైందో చెప్పు.”

“ఆగండి, ఊపిరి తీసుకోనివ్వండి! గెడ్డ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాను. బిందె కూడా ఆ వాగులోనే వదిలేశాను.”

“బిందె సంగతి తర్వాత. చెప్పు.”

“మీ థీసిస్‌లో నాలుగో చాప్టర్ ఉంది కదా...”

“‘ముగింపు లేని కథలు.’ దానికేమైంది?”

“ముగింపులున్నాయండీ!”

“ఏమిటీ?”

“ఉన్నాయి! అన్ని కథలకీ! బట్టలుతుకుతూ ఆడవాళ్లు నాకు మూడు చెప్పేశారు. సాలూరు సంతలో నేను నేర్చిన వీళ్ల భాష నాలుగు ముక్కలూ సరిపోయాయి. నవ్వలేక చచ్చాను.”

“ఉండు, ఉండు. ఏడేళ్లు కనకా! వీళ్ల భాష నేర్చుకున్నాను. నాలుగు వేల మాటలు పోగేశాను. నలభై రెండు క్యాసెట్లు నింపాను. ప్రతి కథా సగంలోనే ఆగిపోయింది. వీళ్ల దృష్టిలో కాలానికి చివర లేదు, అందుకే కథకీ లేదు అని అరవై పేజీలు రాశాను!”

“తెలుసండీ. పెళ్లిచూపుల్లో కూడా మీరు చెప్పింది అదే. బుర్ర ఊపాను.”

“సోమవారం యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి.”

“అందుకే కదా పరుగెత్తుకొచ్చాను!”

“సోములమ్మా! సోములమ్మా, ఒకసారి ఇలా రా!”

“ఏటి బాబూ, అలాగరుస్తన్నావు? కొత్త పెళ్లాన్ని కొడతన్నావేటి?”

“దెబ్బ తగిలింది నాకు. మీ కథలకి చివర ఉందా?”

“సివర నేకుండా కథెలాగుంటది?”

“ఏడేళ్లు నీ చేతి అంబలి తాగాను. ఒక్కసారైనా చెప్పావా?”

“నీకు పెళ్లవనేదు గదా.”

“పెళ్లికీ కథకీ ఏమిటి?”

“పెళ్లవనోడికి సగమే సెప్తాం. మా పద్ధతి అంతే. అందుకే గదా, వచ్చినప్పుడల్లా అడిగినాం, ‘పెళ్లెప్పుడు బాబూ, పెళ్లెప్పుడు బాబూ’ అని. నువ్వేమో రాసుకున్నావు గానీ సేసుకోనేదు.”

“అయ్యో...”

“ఏవండీ, ఏం రాసుకున్నారు?”

“వద్దులే.”

“చెప్పండి, చెప్పండి!”

“రెండో చాప్టర్లో ఉంది. అది వీళ్ల పలకరింపు మర్యాద అని.”

“అమ్మో! అమ్మో, నా కడుపు నొప్పి!”

“నవ్వు, నవ్వు. నా డాక్టరేటు ఊడాక ఇంకా నవ్వుదువు గాని.”

“ఊరుకో గుంటా, పాపం. ఏ కథ కావాలి బాబూ?”

“మొట్టమొదటిది. పిల్ల నెత్తి మీద అంబలి కుండతో ఈ గట్టున నిలబడింది. మొగుడు అవతలి గట్టున, పోడు చేను దగ్గర. మధ్యలో వరద. ఏడేళ్లుగా అక్కడే నిలబడి ఉంది సోములమ్మా!”

“పాపం, కాళ్లు పీకేసుంటాయండీ.”

“నువ్వుండు కనకా.”

“సెప్తాను. గానీ ఒక మాట. ఇన్నాక పెళ్లవనోలికి సెప్పకూడదు. నా సేతిలో సెయ్యేసి ఒట్టెయ్యి.”

“ఒట్టు.”

“నువ్వూ ఎయ్యి గుంటా.”

“నేను ఇందాక గెడ్డ దగ్గరే వేశాను, సబ్బు చేత్తో.”

“అయితే ఇను. ఆడు ఈదుకొచ్చేసినాడు. ఇద్దరూ ఒకే దొప్పలో అంబలి తాగినారు. వాన ఆగనేదు. పక్కనే గుహ ఉంది. ఆ పైన... నీ సెవి ఇటు తే.”

“ఊఁ... ఊఁ... అవునా!”

“ఏవండీ, మీ చెవులు ఎర్రబడ్డాయి!”

“నువ్వు అటు చూడు.”

“నేను విన్నదే కదండీ!”

“అబ్బ, ఎంత బాగుంది కనకా! సగం కథకే ఏడేళ్లు మురిసిపోయాను.”

“మరి టేపు నొక్కలేదేం? పోనీ, ఇదిగో పెన్ను. బేగి రాయండి! రెండ్రోజుల్లో కొత్త నాలుగో చాప్టర్ అయిపోవాలి. మీ గైడు సన్యాసిరావు గారు ఎగిరి గంతేస్తారు. ఏటండీ, అలా చూస్తారు?”

“ఏం లేదు.”

“ఆయన కోప్పడతారనా? మొన్న వెళితే తనే వంకాయ కూర వండి, తనే వడ్డించారు పాపం. అంత మంచాయన. ఏమీ అనరు.”

“అనరు. అది కాదు.”

“మరేటి?”

“థీసిస్ అందరికంటే ముందు చదివేది ఆయనే.”

“చదవనివ్వండి!”

“ఎలా చదవనివ్వను? ఒట్టేశాం కదా. ఆయనకింకా పెళ్లి కాలేదు కనకా.”