పచ్చని బోర్డును నమ్మని సంధ్యారాణి గారు

1993 ఆగస్టు 16న కోరుట్లలోని ఉదయ సమాచార సేవా సంస్థ శాఖలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా విధుల్లో చేరిన శ్రీమతి సంధ్యారాణి గారు, ఈ నెలాఖరున జగిత్యాల ప్రధాన కేంద్రం నుండి నెట్‌వర్క్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. శుభసందర్భమే. అయినా నిజం చెప్పాలంటే మా అందరి గుండెల్లోనూ దడగానే ఉంది.

సిరిసిల్లకు బదిలీ అయిన తరువాత, ఇటు సంసారాన్నీ అటు ఉద్యోగాన్నీ మోస్తూనే వారు సి అనే కంప్యూటరు భాషను స్వయంకృషితో అభ్యసించారు. జగిత్యాలకు వచ్చాక, మూడు పట్టణాల నడుమనున్న కేబుల్ లైన్లన్నింటినీ కనిపెట్టుకొని ఉండే సాఫ్ట్‌వేరును ఆ భాషలోనే రచించారు. ఆ ఒక్క ప్రోగ్రాములో థ్రెడ్లనే పనివాళ్లు అనేకులు ఏకకాలంలో శ్రమిస్తుంటారు. కొందరు లైన్లను పలకరిస్తే, ఒకరు ఆ లైన్లు దాటే వాగుల ఎగువనున్న పరికరాల నుండి నీటిమట్టం తెస్తారు, ఇంకొకరు దాన్ని గోడమీది బోర్డుపై చూపుతారు. అంతా క్షేమమైతే పచ్చరంగు, లేకుంటే ఎరుపు. మాకు ఎరుపంటే భయం, ఆమెకు పచ్చరంగన్నా భయమే. ప్రోగ్రామే ప్రాణం విడిస్తే ఎరుపు చూపేదెవరని అడిగేవారు. ఇంత పిరికితనమా అని మేము ఆటపట్టించేవాళ్లం.

నాలుగేళ్ల కిందట, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, గంభీరావుపేట దగ్గర వంతెన కింద తెగిన కేబుల్‌ను అతికించడానికి మా లైన్‌మన్ జలపతి గారు వెళ్లారు. వాగులోకి దిగే ముందు, ఎగువన నీళ్లెట్లా ఉన్నాయని ఫోన్ చేసి అడిగారు. బోర్డు పచ్చగా ఉంది. దిగమని ఆమే చెప్పారు. ఫోన్ పెట్టేశాక మళ్లీ చూస్తే, పొద్దుటి నుండి ఎడతెగని వాన కురుస్తున్నా నీటిమట్టం అంకె పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. బోర్డు ఎప్పుడో ఆగిపోయిందని ఆమెకు అర్థమైంది. తిరిగి ఫోన్ చేస్తే మోగుతోంది గాని ఎవరూ ఎత్తరు. కూర్చోలేక, నిలబడలేక, పై ప్రాణాలు పైనే పోతున్నట్టు ఆమె చేసిన ఫోనే మళ్లీ మళ్లీ చేశారు. ఎట్టకేలకు గొంతు వినిపించింది.

"కిందున్న మేడం. ఏందో చెప్పుండ్రి."

"జలపతన్నా, పైకి రా! సామానంత ఆడనే ఇడిసిపెట్టి రా!"

"బోర్డు పచ్చగుందంటిరి గదా?"

"గా బోర్డు సచ్చిపోయింది. నా మాట ఇను, ఉరుకు!"

ఆయన గట్టెక్కి ఊపిరి తీసుకునేలోగా వరద వచ్చి, నిచ్చెననూ పనిముట్ల సంచినీ ఊడ్చుకుపోయింది.

లోపం తన కోడులోనే ఉందని మరునాడు ఆమె అందరి ముందూ చెప్పారు. ఒకే పెట్టె తెరవడానికి రెండు తాళంచెవులూ కావలసి ఉంటే, చెరొకటి పట్టుకున్న ఇద్దరు ముందు నువ్వివ్వు అంటే నువ్వివ్వు అని భీష్మించుకున్నట్టు, నీటిమట్టం తెచ్చే థ్రెడ్డూ బోర్డు చూపే థ్రెడ్డూ ఒకదానికోసం ఒకటి ఆగిపోయాయి. పాత అంకె, పాత పచ్చరంగు అట్లాగే మిగిలాయి. ఆమె ఆ తాళాల వరుస సరిదిద్ది, మిగతా థ్రెడ్లు బతికి ఉన్నాయో లేదో చూసే కాపలా థ్రెడ్డును ప్రత్యేకంగా వ్రాశారు. అయినా పాలకు నోరు కాలినవారు మజ్జిగనూ ఊదుకొని తాగినట్టు, ఎవరైనా వాగులోకి దిగాలంటే, బోర్డు ఏ రంగు చూపినా, ఎగువ ఊళ్లో ఒక మనిషికి ఫోన్ చేసి అడిగాకే ఒప్పుకునేవారు.

మొన్న బాధ్యతలు అప్పగిస్తుండగా, వారి స్థానంలోకి వస్తున్న ఇంజినీరు వినోద్ గారు కోడంతా చదివి కూడా దిగాలుగా కూర్చున్నారు.

"కోడు సమజైంది మేడం. కని మీ లెక్క భయపడుడు మాకెట్ల అస్తది?"

"రోజుకోపారి జలపతన్న మొకం చూడుండ్రి," అన్నారామె. "అదే అస్తది."

సంధ్యారాణి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఇంతకాలం వారు మోసిన భయాన్ని మోసే బలం మాకు కలగాలనీ, ఇకనుండి వాన శబ్దం వారి చెవికి వట్టి వానగానే వినిపించాలనీ మనసారా కోరుకుంటున్నాం.