అరచేతిలో లుద్మిలా

బ్ర్నో నగరంలో గది దొరక్క తిరుగుతున్న అమ్మాయి, తన గాజుపెట్టెను ఇంటావిడ బల్లమీద దించింది. ఆ పెట్టెను చూసే మిగతా ఇళ్లవాళ్లు తలుపేశారు.

"ఇందులో మట్టేనా, ఇంకేమైనా ఉందా?"

"ఆ బెరడు కింద నల్లతేలు ఉందండీ. పేరు లుద్మిలా."

"మా ఆడపడుచు పేరే! తగినదానికే పెట్టావు. బయటికొస్తే?"

"మూతకు తాళం వేస్తానండీ. మేత కూడా పట్టకారుతోనే, చెయ్యి పెట్టను."

"కుడితే చస్తామా?"

"ఈ జాతి కుడితే కందిరీగ కుట్టినట్టుంటుంది. ఒంటికి పడనివాళ్లకు ప్రమాదమే. అందుకే జాతి పేరూ, ఆసుపత్రి నంబరూ మూతమీద రాశాను."

"అంత సాధువైతే అరచేతిలో పెట్టుకుని చూపించు. గది నీదే."

అమ్మాయి గదివైపు ఒకసారి ఆశగా చూసింది.

"చూపించనండీ."

"గది పోతుంది మరి."

"పోనివ్వండి. బెదిరితే అది కుడుతుంది. చేతిలోంచి పడితే దాని పొట్ట పగులుతుంది."

ఇంటావిడ లంగా అంచు కాస్త పైకెత్తింది.

"ఈ మచ్చ చూశావా? ఇదివరకు ఈ గదిలో అద్దెకున్నవాడు 'మా కుక్క కరవదు' అంటూ మెట్లమీద వదిలేవాడు. కుడుతుందని ఒప్పుకున్నదానివి నువ్వొక్కదానివే. సామాను తెచ్చుకో. ఆదివారం మా ఆడపడుచు వస్తుంది, ఆ పూట మాత్రం దాన్ని పేరుపెట్టి పిలవకు."